పేపరు ఒకటే, ఫార్మాట్లు మాత్రం జర్నల్‌కొకటి: మీరంతా ఎలా నెగ్గుకొస్తున్నారు?

మినుముల_స్కాలర్
మినుములో పల్లాకు తెగులు మీద నా పీహెచ్‌డీ. పొలంలో పడ్డ పాట్లు వేరే కథ. పేపరు రాయడం ఒక ఎత్తయితే, దాన్ని జర్నల్ అడిగిన ఆకారంలోకి తేవడం ఇంకో ఎత్తు అయింది. మొదటి జర్నల్ వాళ్ళకి అబ్‌స్ట్రాక్ట్ నాలుగు ఉపశీర్షికలతో 250 పదాల్లో కావాలి. లైన్ నంబర్లు, డబుల్ స్పేస్, రిఫరెన్సులకి బ్రాకెట్లో అంకెలు, ప్రతి పటం వేరే టిఫ్ ఫైలు. ఆపైన హైలైట్స్ అని ఐదు ముక్కలు, ఒక్కోటి ఖాళీలతో కలిపి 85 అక్షరాలు దాటకూడదు. నా వైరస్ పూర్తి పేరు మంగ్‌బీన్ ఎల్లో మొజాయిక్ ఇండియా వైరస్. అది ఇంగ్లిష్‌లో రాస్తేనే ముప్పై పైచిలుకు అక్షరాలు పోతాయి, ఇక చెప్పేదేముంది?

అన్నీ చేసి పంపితే వారం తిరక్కుండా 'మా పరిధిలోకి రాదు' అని ఎడిటర్ దగ్గరి నుంచే తిరిగొచ్చింది. రివ్యూకి కూడా వెళ్ళలేదు. సైన్సు చూసి తప్పు పట్టి ఉంటే ఇంత బాధ లేదు.

ఇప్పుడు రెండో జర్నల్. అబ్‌స్ట్రాక్ట్ ఒకే పేరా, 200 పదాలు. రిఫరెన్సులు పేరు-సంవత్సరం పద్ధతిలో, అక్షరక్రమంలో. మొదటి వాళ్ళకి జర్నల్ పేర్ల పొట్టి రూపాలు కావాలి, వీళ్ళకి పూర్తి పేర్లు. టేబుళ్ళు చివర్లో, స్పెల్లింగు బ్రిటిష్‌ది. కొత్తగా ఒక్క మాట రాయలేదు గానీ రాత్రుళ్ళు మాత్రం ఖర్చవుతున్నాయి. అందరిదీ ఇదే బతుకా, నాకు తెలియని దారి ఏదైనా ఉందా?

క్యాంపస్_కాకి
పెళ్ళిచూపులకే తాళిబొట్టు తూకం వేయించుకుని, ఆనక 'పిల్ల నచ్చలేదు' అని లేచిపోయారన్నమాట.

లేటెక్_లక్ష్మి
లేటెక్‌లో రాయండి, కోడ్ రాస్తే పేజీని తానే పేర్చే సాఫ్ట్‌వేర్ అది. జర్నల్ మారితే మొదటి లైన్‌లో క్లాస్ (జర్నల్ పేజీ రూపాన్ని చెప్పే ఫైలు) పేరు మార్చాలి, చివర్లో బిబ్లియోగ్రఫీ స్టైల్ మార్చాలి. ఎల్సెవియర్‌కి ఎల్స్‌ఆర్టికల్, ఫిజిక్స్ వాళ్ళకి రెవ్‌టెక్, ఐట్రిపుల్‌ఈకి దానిది దానికి ఉంది. టీ తాగి వచ్చేలోపు అయిపోతుంది. 1980ల నుంచి ఉన్న సౌకర్యం ఇది, మనవాళ్ళే పట్టించుకోరు.

మినుముల_స్కాలర్
మేడమ్, మా గైడ్ సార్ వర్డ్ ఫైలు ప్రింట్ తీయించి ఎర్ర పెన్నుతో దిద్దుతారు. ఆయన చేతిలో లేటెక్ కోడ్ పెడితే నా వైవా ఇంకో రెండేళ్ళు వెనక్కి పోద్ది.

పిప్పెట్_పాపారావు
లక్ష్మి గారూ, మా బయోకెమిస్ట్రీ వైపు చాలా జర్నళ్ళు వర్డ్ తప్ప ముట్టుకోవు. అయినా ఆ 'రెండు లైన్లు మారిస్తే చాలు' అనేది వినడానికే బాగుంటుంది. మనం పెట్టుకున్న ప్యాకేజీకీ వాళ్ళ క్లాస్‌కీ పడదు. తెర నిండా ఎర్రర్లు వస్తాయి, వాటిలో మొదటి దాని వల్ల పుట్టినవే మిగతావన్నీ. ఆ మొదటిది ఏమిటో తేలేసరికి పాలవాడు వస్తాడు.

లేటెక్_లక్ష్మి
అది కాదనను. రిఫరెన్సులకి బిబ్‌లేటెక్ వాడితే కొందరు పబ్లిషర్లు తీసుకోరు కూడా, పాత బిబ్‌టెక్కే కావాలంటారు. అయినా స్పేస్‌బార్ నొక్కుతూ పేరాలు జరుపుకోవడం కన్నా నయమే.

జోటెరో_జోగి
వర్డ్‌లోనే ఉండండి, ఫర్వాలేదు. రిఫరెన్సులు మాత్రం చేత్తో టైప్ చెయ్యకండి. రిఫరెన్సులు దాచి పేర్చే జోటెరో అనే సాఫ్ట్‌వేర్ ఉచితం, 2006 నుంచి ఉంది. పది వేలకు పైగా స్టైళ్ళున్నాయి. స్టైల్ మార్చగానే అంకెలు పోయి పేరు-సంవత్సరం వచ్చేస్తుంది, లిస్టు దానంతట అదే అక్షరక్రమంలో సర్దుకుంటుంది. మెండలే కూడా దాదాపు అంతే, కాకపోతే దాన్ని 2013లో ఎల్సెవియర్ కొనేసింది. ఆపైన మీ ఇష్టం.

ఒక్క షరతు. లోపలికి వెళ్ళే సమాచారం శుభ్రంగా ఉండాలి. కొన్ని జర్నళ్ళ సైట్ల నుంచి లాగితే టైటిల్ మొత్తం పెద్దక్షరాల్లో దిగుతుంది. శాస్త్రీయ నామాలకి ఇటాలిక్ ఉండదు. మీ మినుమే తీసుకోండి. టైటిల్ గడిలో 'విగ్నా ముంగో'కి ముందు ఐ ట్యాగు, తర్వాత దాని ముగింపు ట్యాగు పెట్టండి, వెబ్ పేజీల్లో వాడేదే. ఇక ఏ స్టైల్‌కి మార్చినా ఆ రెండు మాటలు ఇటాలిక్‌లోనే ఉంటాయి. టైటిల్ మీద రైట్ క్లిక్ కొడితే సెంటెన్స్ కేస్ వస్తుంది, దానితో పెద్దక్షరాల పీడ వదులుతుంది. అది నొక్కాక ఊళ్ళ పేర్లు, దేశాల పేర్లు ఒకసారి చూసుకోండి, ఒక్కోసారి 'ఇండియా'ని కూడా చిన్నక్షరంతో మొదలుపెడుతుంది.

పంపే ముందు ఫైలుకి కాపీ తీసి, ఆ కాపీలోనే సైటేషన్లు అన్‌లింక్ చెయ్యండి. అసలు ఫైల్లో చేశారా, ఇక స్టైల్ మార్చే అవకాశం పోయినట్టే.

మినుముల_స్కాలర్
ఈ ఐ ట్యాగు సంగతి మా ల్యాబ్‌లో ఎవరికీ తెలియదు. సీనియర్లంతా యూనివర్సిటీ గేటు ఎదుట డీటీపీ షాపులో చేయించుకున్నవాళ్ళే.

గేటెదురు_డీటీపీ
మమ్మల్ని యాది చేసిండ్రు గాబట్టి చెప్తున్న. స్కాలర్లు పెన్‌డ్రైవ్‌ల ఏసుకొచ్చే ఫైళ్ళు జూస్తే మీకు నవ్వాలో ఏడ్వాలో తెల్వది. కొత్త పేజీ కావాల్నంటే ఎంటర్ కొట్టుకుంట పోతరు. సార్ పైన ఒక లైన్ కలపమంటే కిందున్న చాప్టర్లన్ని జారుతయి. విషయసూచికల పేజీ నంబర్లు చేత్తోని కొడ్తరు, ఒక్క పేరా తీసేస్తే మళ్ల మొదటికెళ్ళి కొట్టుడే.

థీసిస్‌కు ముందు పేజీలకు రోమన్ అంకెలు, మొదటి చాప్టర్ కాడికెళ్ళి మామూలు అంకెలు రావాలె. దానికి నడుమ సెక్షన్ బ్రేక్ ఒక్కటి పెడితే అయిపాయె. గది తెల్వక చాప్టర్‌కు ఒక ఫైల్ జేసుకొస్తరు. బైండింగ్ కోసం ఎడమ దిక్కు ఇంచున్నర మార్జిన్ అన్నరని ప్రతి లైన్ ముంగట స్పేస్‌లు కొట్టినోన్ని గూడ జూసిన. హెడింగ్‌లకు స్టైల్ పెట్టుర్రి, విషయసూచిక దానంతట అదే వస్తది. గిది అందరు నేర్చుకుంటె నా షాపు మూతవడ్తది, అయినా చెప్తున్న.

క్యాంపస్_కాకి
అన్నా, సబ్మిషన్ ముందు రోజు రాత్రి వస్తే ఎంత తీసుకుంటవ్?

గేటెదురు_డీటీపీ
ముందు రోజు రాత్రి రేటు వేరే ఉంటది తమ్మీ.

చెన్నై_టైప్‌సెట్
మాది చిత్తూరు, ఉద్యోగం చెన్నైలో. జర్నళ్ళకి టైప్‌సెట్టింగ్ చేసే కంపెనీ. విదేశీ పబ్లిషర్ల జర్నళ్ళు చాలావాటికి పేజీలు తయారయ్యేది ఇక్కడా, పుదుచ్చేరిలోనూ. లోపల ఏం జరుగుతుందో చెప్తా, తర్వాత మీరే తేల్చుకోండి.

యాక్సెప్ట్ అయిన వర్డ్ ఫైలు రాగానే మేం చేసే మొదటి పని మీ ఫార్మాటింగ్ పీకి పారెయ్యడం. టైమ్స్ న్యూ రోమన్ 12, డబుల్ స్పేస్, కొలిచి పెట్టిన మార్జిన్లు, ఏదీ మిగలదు. ఇటాలిక్, బోల్డ్, సూపర్‌స్క్రిప్ట్, సబ్‌స్క్రిప్ట్ మాత్రం కాపాడతాం. తర్వాత ఏది శీర్షిక, ఎవరు రచయిత, రిఫరెన్సులో ఏది సంవత్సరం, ఏది వాల్యూమ్ అని ట్యాగులు తగిలించి ఎక్స్‌ఎంఎల్‌గా మారుస్తాం. దానికి జాట్స్ అని ఒక ప్రమాణం ఉంది, 2012లో నైసో అనే అమెరికా ప్రమాణాల సంస్థ ఖాయం చేసింది. మీరు వెబ్‌లో చదివే పేజీ, దించుకునే పీడీఎఫ్ రెండూ అందులోంచే పుడతాయి. రిఫరెన్సులో కామా ఎక్కడ, చుక్క ఎక్కడ అనేది సాఫ్ట్‌వేర్ చూసుకుంటుంది. డీఓఐ (పేపరుకి ఇచ్చే శాశ్వత గుర్తింపు సంఖ్య) ఉంటే, క్రాస్‌రెఫ్ అనే డీఓఐల రిజిస్ట్రీలో ఉన్నదానితో పోల్చి పేజీ నంబరు తప్పుంటే కూడా పట్టుకుంటుంది.

మా ప్రాణం తీసేవి వేరే ఉన్నాయి. రిఫరెన్సులో సంవత్సరమే ఉండదు. లోపల 2016 అని రాస్తారు, లిస్టులో 2017 ఉంటుంది. సమీకరణాన్ని ఫొటో తీసి అతికిస్తారు, టేబుల్‌ని బొమ్మగా పెడతారు. అన్నిటికన్నా పటాలు. 300 డీపీఐ అడిగితే వర్డ్‌లో అతికించిన గ్రాఫుకి స్క్రీన్‌షాట్ తీసి, ఫొటోషాప్‌లో డీపీఐ గడిలో 300 అని కొట్టి పంపుతారు. అంకె మారుతుంది, మసక మారదు. పైగా సెట్టింగ్ మార్చకపోతే వర్డే ఫైలు సేవ్ చేసేటప్పుడు బొమ్మల్ని 220కి కుదించేస్తుంది.

గ్రాఫు ఎక్కడ గీశారో అక్కడి నుంచే పీడీఎఫ్‌గానో ఈపీఎస్‌గానో తీయండి. గీతలు గీతలుగానే వస్తాయి కాబట్టి డీపీఐ గొడవే ఉండదు. గీసేటప్పుడే వెడల్పు ఖాయం చేసుకోండి. ఎల్సెవియర్ ఒక కాలమ్‌కి 90 మిల్లీమీటర్లు అంటుంది, స్ప్రింగర్ చాలావాటికి 84. ఆ వెడల్పులో అక్షరాలు 8 పాయింట్లుంటే చక్కగా చదవొచ్చు. తెర నిండా గీసి తర్వాత కుదిస్తే భూతద్దం పెట్టుకోవాలి.

పిప్పెట్_పాపారావు
అంటే నేను నిద్ర మానుకుని సరిచేసిన కామాలన్నీ...

చెన్నై_టైప్‌సెట్
మా సాఫ్ట్‌వేర్ వాటి మొహం కూడా చూడదు సార్.

మాజీ_సంపాదకుడు
చెన్నై మిత్రుడు చెప్పింది పెద్ద పబ్లిషర్ల సంగతి. నేను ఒక చిన్న సైన్సు సంఘం పత్రికకి కొంతకాలం సంపాదకత్వం చేశాను. జీతం లేదు, ఆఫీసు లేదు. మా డిపార్ట్‌మెంట్‌లో ఒక బీరువా, సాయంత్రాలు వచ్చే ఒక కుర్రాడు, అంతే సిబ్బంది. సభ్యుల చందాలతో బండి లాగాలి. టైప్‌సెట్టింగ్ కంపెనీకి ఇచ్చే స్తోమతే ఉంటే ఇంకో సంచిక వేసుకునేవాళ్ళం. మీరు పంపిన వర్డ్ ఫైలే దాదాపుగా అచ్చుకి వెళ్తుంది. అందులో రిఫరెన్సులు నాలుగు పద్ధతుల్లో ఉంటే సరిచేసేది ఎవరు? నేను, ఆదివారం పూట.

రిఫరెన్సులకి అంకెలు వేసే వాంకూవర్ స్టైల్‌ని అందరూ తిడతారు. 1978లో కొందరు వైద్య పత్రికల సంపాదకులు వాంకూవర్‌లో కూర్చుని మాట్లాడుకుని, మరుసటి ఏడు ఉమ్మడి నియమాలు తెచ్చింది ఎందుకనుకున్నారు? ఒక పత్రిక వద్దంటే రచయిత మళ్ళీ టైప్ చేయించుకోకుండా అదే ప్రతిని ఇంకో పత్రికకి పంపుకోవాలని. డబుల్ స్పేస్ కూడా ఎవరినీ వేధించడానికి పెట్టలేదు, లైన్ల మధ్య పెన్నుతో దిద్దడానికి చోటు కావాలి.

కోపం తెచ్చుకోకపోతే ఇంకో మాట. నియమాలు చదవకుండా పంపినవాళ్ళ డేటాలో కూడా అదే నిర్లక్ష్యం కనబడేది.

రెండో_రివ్యూయర్
ఆ చివరి మాట ఒప్పుకోను సార్. ముస్తాబు బ్రహ్మాండంగా చేసి లోపల ఏమీ లేని పేపర్లు ఎన్ని చదివానో. డబ్బు తీసుకుని దొంగ పేపర్లు రాసిచ్చే 'పేపర్ మిల్లుల్లో' వండి పంపేవాటికి ఫార్మాటింగ్‌లో వంక పెట్టలేం.

రివ్యూ చేసేవాడిగా నాకు కావాల్సింది లైన్ నంబర్లు, ఆపైన ప్రతి పటం దాని గురించి రాసిన చోటే ఉండడం. మొదటిది ఇస్తున్నారు, సంతోషం. రెండోది వచ్చేసరికి పటాలన్నీ చివర పెట్టమంటారు, వాటి వివరాలు వేరే పేజీలో, లోపల 'పటం 3 ఇక్కడ' అని ఒక గుర్తు. పోర్టల్ కుట్టిచ్చే పీడీఎఫ్‌లో 9వ పేజీ చదువుతూ పటం కోసం 31కి పోవాలి, అందులో నీలం గీత ఏమిటో తెలియాలంటే 24కి రావాలి. తిరిగి 9కి వచ్చేసరికి ఏ వాక్యం దగ్గర ఆగానో గుర్తుండదు. టైప్‌రైటర్ల నాటి కారణం టైప్‌రైటర్లతోనే పోయింది, నియమం మాత్రం పోలేదు.

మాజీ_సంపాదకుడు
పేపర్ మిల్లుల మాట నిజమే, మా రోజుల్లో ఈ బెడద ఇంత లేదు. మిగతా విషయాల్లో నా అభిప్రాయం మారలేదు.

ఒమాహా_ఓబులేసు
దీని మీద లెక్కలు కూడా కట్టారు. 2019లో ప్లాస్ వన్ జర్నల్‌లో ఒక సర్వే వచ్చింది, 41 దేశాల పరిశోధకుల్ని అడిగారు. పేపరు ఒక్కింటికి ఫార్మాటింగ్‌కే 14 గంటలు, మనిషికి ఏడాదికి 52 గంటలు. జీతాల్లో చూస్తే పేపరుకి 477 డాలర్లని తేల్చారు.

క్యాంపస్_కాకి
డాలర్లు మీకు. మన జేఆర్‌ఎఫ్ ఫెలోషిప్ నెలకి 37,000 రూపాయలు. నెలకి 25 రోజులు, రోజుకి 8 గంటలు వేసుకుంటే గంటకి 185 రూపాయలు. 14 గంటలకి 2,590. రోజుకి 8 గంటలే పని చేసే స్కాలర్ ఎవరైనా ఉంటే చెయ్యెత్తండి, దండ వేస్తాం.

గేటెదురు_డీటీపీ
గా 2,590 నాకియ్యి తమ్మీ, ఫార్మాట్ చేసిచ్చి ఛాయ్ గూడ తాపిస్త.

పార్ట్‌టైమ్_పార్వతి
ఫెలోషిప్ ఉన్నవాళ్ళ లెక్కలు ఇవి. డిగ్రీ కాలేజీలో గంటల లెక్కన పాఠాలు చెప్పుకుంటూ పీహెచ్‌డీ చేసేవాళ్ళని కూడా అడగండి. నాకు ఫార్మాటింగ్ అంటే పిల్లలు పడుకున్నాక మొదలయ్యే పని. రిజెక్ట్ అయితే నెలన్నర దాకా ఆ ఫైలు తెరవబుద్ధి కాదు. పేపరు ఆలస్యం కావడానికి సగం కారణం అదే.

ఇంటిపేరు_ముందు
ఫార్మాట్లంటే గుర్తొచ్చింది. పోర్టల్లో ఫస్ట్ నేమ్, లాస్ట్ నేమ్ అని రెండు గడులు. మనకేమో ఇంటిపేరు ముందు, అదీ ఒక్క పొడి అక్షరం. చివర ఉండేది అమ్మమ్మ పెట్టిన పేరో, రావో, కుమారో. ఒక జర్నల్ వాళ్ళు నన్ను చివరి ముక్కతో ఎక్కించారు. ఇంకో చోట ఇంటిపేరు పూర్తిగా అడిగారు కాబట్టి దానితో ఎక్కాను. ఇప్పుడు స్కోపస్ అనే పేపర్ల డేటాబేస్‌లో నేను ఇద్దరం. ఇద్దరి హెచ్-ఇండెక్సూ (సైటేషన్ల లెక్క) కలిపినా మీసం మెలేసేంత లేదనుకోండి.

ఒమాహా_ఓబులేసు
మా ల్యాబ్‌లో ఒకతని పాస్‌పోర్టులో పేరంతా ఒకే గడిలో ఉంది. వీసాలో రెండో గడిలో ఎఫ్‌ఎన్‌యూ అని పడింది, ఫస్ట్ నేమ్ అన్‌నోన్ అని. ఒక కాన్ఫరెన్సు వాళ్ళు అదే పేరనుకుని బ్యాడ్జి మీద అచ్చేశారు. మూడు రోజులూ అందరూ 'హలో ఫ్నూ' అని పలకరించడమే.

జోటెరో_జోగి
నవ్వింది చాలు గానీ, ఆర్కిడ్ అనే పరిశోధకుల గుర్తింపు నంబరు తీసుకోండి. 16 అంకెలు, ఉచితం, 2012 నుంచి ఇస్తున్నారు. పేరు ఎటు తిప్పి రాసినా ఆ నంబరు మీదే. స్కోపస్ వాళ్ళని రెండు ప్రొఫైళ్ళు కలపమని అడగొచ్చు, కలుపుతారు. ఇకమీదట పేరుకి ఒకే రూపం ఖాయం చేసుకుని అన్ని చోట్లా అదే రాయండి.

కైఫీయతు_కమల
చరిత్ర వాళ్ళ గోడు కూడా వినండి. నా ఆధారాల్లో సగం మెకంజీ కైఫీయతులు, అంటే ఆయన సేకరించిన ఊళ్ళ చరిత్రల రాతప్రతులు. రాసిన కరణం పేరు చాలావాటిలో ఉండదు, సంవత్సరం ఉండదు, ప్రచురణకర్త అసలే లేడు. పోర్టల్ రిఫరెన్సు చెకర్ ఒక్కో దాని పక్కనా ఎర్ర గుర్తు పెట్టి 'డీఓఐ లేదు' అంటుంది. మద్రాసు ప్రాచ్య లిఖిత భాండాగారంలో కట్ట విప్పి చదివిన కాగితానికి డీఓఐ ఎక్కడి నుంచి తేను?

తెలుగు పుస్తకం పేరు లిప్యంతరీకరణలో, పక్కనే ఇంగ్లిష్ అర్థం, ఆపైన దీర్ఘాలకి అక్షరాల మీద గీతలు. అన్నీ పెట్టి పంపితే వాళ్ళ ఫాంటులో గీతలున్న చోటల్లా డబ్బాలొచ్చాయి. అవి చూసి రివ్యూయర్ 'మూలాలు అస్పష్టంగా ఉన్నాయి' అని రాశాడు.

తెలుగుశాఖ_తిరుమల
కమల గారూ, మీవి ఇంగ్లిష్ జర్నల్ కష్టాలు. తెలుగులో రాసి తెలుగులోనే అచ్చేయించుకునే మా సంగతి ఎవరూ ఎత్తరేం? సదస్సు ప్రకటనలో ఇప్పటికీ 'వ్యాసం అను ఫాంట్లలో, పేజ్‌మేకర్‌లో పంపాలి' అనే ఉంటుంది. 'అను' అనేది యూనికోడ్ కాని తెలుగు ఫాంట్ల పేరు, పేజ్‌మేకర్ పేజీలు పేర్చే పాత సాఫ్ట్‌వేర్. నేను ఫోన్లోనైనా ల్యాప్‌టాప్‌లోనైనా యూనికోడ్‌లో కొడతాను. దాన్ని కన్వర్టర్‌లో వేసి అనులోకి మారిస్తే ఒత్తులు ఎగిరిపోతాయి, క్రారవడి ఒక అక్షరం ముందుకో వెనక్కో జరిగి కూర్చుంటుంది. శ్రీనాథుడి సీసపద్యం ఒకటి ఉదాహరించాను. అచ్చయ్యాక చూస్తే యతి సంగతి దేవుడెరుగు, పాదంలో రెండు మాటలే లేవు.

పేజ్‌మేకర్ చివరి వెర్షన్ 2001లో వచ్చింది. దాన్ని తయారుచేసిన అడోబీయే వదిలేసింది గానీ మన సదస్సులు వదల్లేదు. పైగా యూనికోడ్ కాదు కాబట్టి ఆ వ్యాసంలోని మాట నెట్‌లో వెతికినా తగలదు. రేపు ఇంకో స్కాలర్ అదే అంశం మీద మళ్ళీ మొదటి నుంచి రాస్తాడు.

గేటెదురు_డీటీపీ
అమ్మా, నీ కోపం న్యాయమే గని ప్రెస్సోళ్ళ బాధ గూడ జూడు. పాత ఆపరేటర్ల వేళ్ళన్ని అనుల కొట్టే యాపిల్ కీబోర్డు పద్ధతికి అలవాటైనయి. పేజ్‌మేకర్‌ల యూనికోడ్ తెలుగు ఎక్కనే ఎక్కది. ఇన్‌డిజైన్ తీస్కోవాల్నంటే నెల నెల పైసలు కట్టాలె. ఇన్‌డిజైన్‌ల వరల్డ్ రెడీ కంపోజర్ అని ఉంటది, అది పెడ్తె యూనికోడ్ ఒత్తులు మంచిగనే కూసుంటయి. నేను ఇప్పుడు గట్లనే చేస్తున్న. ఎవరి కాడ చేయించుకున్నా సరే, అచ్చుకు పోయేముందు ప్రూఫ్ పీడీఎఫ్ చూపియ్యమని గట్టిగ అడుగు.

తెలుగుశాఖ_తిరుమల
ప్రూఫా అన్నా? సంపుటం ఆవిష్కరణ రోజు వేదిక మీద రంగు కాగితం విప్పినప్పుడే మేమూ మొదటిసారి చూసేది.

నాలుగో_ఏడు
రామాయణంలో నాదో పిడకల వేట. మా లైబ్రరీ వాళ్ళు ఇచ్చిన సిమిలారిటీ రిపోర్టులో రిఫరెన్సుల లిస్టు మొత్తం కాపీ కింద లెక్కేశారు. రిఫరెన్సు ఇంకోలా ఎలా రాస్తారు? సొంత మాటల్లోనా?

రెండో_రివ్యూయర్
యూజీసీ 2018 నిబంధనలు ప్రింట్ తీసి పట్టుకెళ్ళు తమ్ముడూ. రిఫరెన్సులు, విషయసూచిక, కృతజ్ఞతలు లెక్కలోంచి తీసెయ్యాలని అందులోనే ఉంది. పది శాతం దాకా శిక్ష లేదని కూడా ఉంది. రిపోర్టు తీసేటప్పుడు ఆ మినహాయింపుల సెట్టింగ్ నొక్కమని అడిగితే సరిపోతుంది.

మినుముల_స్కాలర్
నేను అడిగిన దగ్గరికి వస్తే, జోగి గారు చెప్పినట్టు లిస్టంతా జోటెరోలోకి ఎక్కించా. ఎక్కించడానికే టైం పట్టింది గానీ స్టైల్ మార్చడం మాత్రం నిజంగా ఒక్క క్లిక్కే. గ్రాఫులు మళ్ళీ 90 మిల్లీమీటర్లకి గీశా.

అసలు విషయం ఇంకోటి. చెన్నై అన్న చెప్పింది చదివాక రెండో జర్నల్ గైడ్ మళ్ళీ తెరిచా. మధ్యలో ఎక్కడో ఒక వాక్యం: మొదటిసారి పంపేటప్పుడు రిఫరెన్సులు ఏ పద్ధతిలోనైనా ఉండొచ్చు, అన్నీ ఒకే తీరుగా ఉంటే చాలు. మా స్టైల్ రివిజన్‌లో చూసుకుందాం అని. దాని చుట్టూ పేజీల కొద్దీ నియమాలు, అవి ఇప్పుడే అక్కర్లేదన్న ముక్క మాత్రం ఒక్క లైన్!

ఒమాహా_ఓబులేసు
చాలావాటికి ఉంటుంది ఆ సడలింపు. ఎల్సెవియర్ 'యువర్ పేపర్ యువర్ వే' అని పేరే పెట్టింది. నేచర్ కూడా మొదటిసారి ఫార్మాట్ పట్టించుకోదు. గైడ్ తెరవగానే కంట్రోల్ ఎఫ్ కొట్టి 'ఇనిషియల్ సబ్మిషన్' అని వెతకండి, ఆ తర్వాతే మిగతాది చదవండి.

మాజీ_సంపాదకుడు
చిన్న పత్రికలకి ఇది వర్తించదని మరిచిపోకండి.

పార్ట్‌టైమ్_పార్వతి
అయితే చిన్న పత్రికలు ఒక వర్డ్ టెంప్లేట్ ఇవ్వొచ్చు కదా సార్? హెడింగులకి, టేబుళ్ళకి స్టైల్స్ ముందే పెట్టి. సూచనల పీడీఎఫ్ ఇస్తారు, అందులో ఎడమ ఇన్ని సెంటీమీటర్లు, కుడి ఇన్ని సెంటీమీటర్లు అని రాస్తారు. అవన్నీ పెట్టిన ఖాళీ ఫైలు ఒకటి ఇస్తే మాకూ పని తప్పుతుంది, మీకూ ఆదివారం మిగులుతుంది.

మాజీ_సంపాదకుడు
ఇది సమంజసంగా ఉందమ్మా. ఇప్పటి సంపాదకుడితో మాట్లాడతాను. అటువంటిది తయారుచెయ్యడానికి తెలిసిన మనిషి కావాలి.

గేటెదురు_డీటీపీ
మీ సూచనల పీడీఎఫ్ పంపుర్రి సార్, ఒక్క పూటల చేసిస్త. పైసలొద్దు. సంచిక ఎనుక అట్ట మీద షాపు పేరు చిన్నగ ఎయ్యుర్రి, చాలు.

మినుముల_స్కాలర్
పంపేశా. తెల్లారేసరికి టెక్నికల్ చెక్ నుంచి వెనక్కి వచ్చింది. డిక్లరేషన్ పీడీఎఫ్‌లో పెట్టాను, వర్డ్‌లో కావాలట. ఏ రచయిత ఏ పని చేశారో చెప్పే క్రెడిట్ రోల్స్ 14 ఉన్నాయి కదా, కో-ఆథర్లలో ఒకరి పక్కన ఏదీ టిక్ చెయ్యలేదట.

క్యాంపస్_కాకి
ఆ ఒకరు ఎవరు?

మినుముల_స్కాలర్
చెప్పను. 'సూపర్‌విజన్' అని టిక్ పెట్టి మళ్ళీ పంపా. ఈసారి నంబరు వచ్చింది, 'ఎడిటర్ దగ్గర ఉంది' అంటోంది.

చెన్నై_టైప్‌సెట్
శుభం. యాక్సెప్ట్ అయ్యాక మా వైపు నుంచి ప్రూఫ్ వస్తుంది. అందులో ఏక్యూ 1, ఏక్యూ 2 అని పక్కన ప్రశ్నలుంటాయి, మేం మీ నుంచి తెలుసుకోవాల్సినవి అవి. అన్నిటికీ 'ఓకే' అని కొట్టి పంపకండి. 'ఈ రిఫరెన్సు సంవత్సరం 2016నా, 2017నా' అన్న ప్రశ్నకి 'ఓకే' అని జవాబిచ్చేవాళ్ళు మాకు రోజూ తగులుతారు.